మా అక్క రూపాయి వడ్డీ, నా ఎక్సెల్ షీటు

ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే పుంగనూరు బస్సెక్కి యాడికి పోతాండావని అడుగుతాండారు గదా? చెప్తా. ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి, నవ్వితే పొరబోతాది.

మన మదనపల్లెలో ఎక్సెల్ కోచింగ్ ఇచ్చేది ఎవురు? నేను. బోర్డు మీద పేరు కింద 'ఎక్సెల్ ఎక్స్‌పర్ట్' అని పెద్దక్షరాలతో రాయించుకునింది ఎవురు? అదీ నేనే. ఆ బోర్డు సూస్తే ఇప్పుడు నాకే సిగ్గయితాది.

పుంగనూరులో మా అక్క రుక్మిణమ్మ ఉండాది. మోకాళ్ళ నొప్పులతో పాలు పితకలేక ఆ మధ్య రెండు జెర్సీ ఆవుల్ని అమ్మేసింది. చేతికి లక్ష రూపాయలొచ్చినాయి. పాల డబ్బు నిలిచిపాయె, ఇంక ఆ లక్ష మీద వచ్చే వడ్డీతోనే ఆమె మందులు, గ్యాసు, కరెంటు బిల్లు గడవాల. దాన్ని యాడ పెట్టాలో తేల్చే పని చదువుకున్న తమ్ముడని నా నెత్తిన పెట్టింది.

సరిగ్గా అప్పుడే కుప్పం నుంచి మా బామ్మర్ది చలపతి ఫోను.

"బావా, ఒక యాప్‌లో కంపెనీ బాండ్లు అమ్ముతాండారు. నూరు రూపాయల బాండు తొంభై తొమ్మిదికే ఇస్తారంట. అయిదేండ్లు ఏటా తొమ్మిది పర్సెంట్ వడ్డీ, ఆఖర్న నూరు వాపసు. మీ అక్కకు పనికొస్తాదేమో సూడు."

సూడు అంటే సూడకుండా ఉంటానా! ఎక్సెల్‌లో ప్రైస్ అని ఒక ఫార్ములా ఉండాది. కొన్న తేదీ, ముగిసే తేదీ, బాండు ఇచ్చే వడ్డీ, మనకు కావాల్సిన వడ్డీ, ఇట్ల అన్నీ ఇస్తే, ఆ బాండుకు ఎంత పెట్టొచ్చో చెప్పేస్తాది. అక్కకు ఫోను చేసినా.

"అక్కా, నీ డబ్బుకు ఎంత వడ్డీ రావాల?"

"ఎక్కువేం వద్దులేప్పా. రూపాయి వడ్డీ వస్తే చాలు."

"అంతేనా? ఆ మాత్రం నేను తెప్పిస్తాలే, ఫోను పెట్టు!"

మరుసటి రోజు క్లాసులో దాన్నే పాఠం చేసినా. ప్రొజెక్టర్ వేసి, ఇరవై మంది ముందర. మొదట తేదీ కొడితే వాల్యూ ఎర్రర్ అని కుయ్యోమొర్రోమనింది. కంప్యూటర్లో నెల ముందు, రోజు వెనక ఉండాది, నేను మన పద్ధతిలో కొట్టినా. అది పట్టుకొని సరిచేసి, "సూసినారా, ఎక్సెల్ దగ్గర జాగ్రత్తగా ఉండాల" అని పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చినా. తరవాత బాండు ఇచ్చేది తొమ్మిది పర్సెంట్ అని కొట్టినా. మా అక్కకు కావాల్సింది రూపాయి వడ్డీ గదా? ఒక పర్సెంట్ అని కొట్టినా.

ఎంటర్!

నూట ముప్పై ఎనిమిది రూపాయల ఎనభై మూడు పైసలు!

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదప్పా. నూట ముప్పై ఎనిమిది చేసే సరుకు తొంభై తొమ్మిదికి అమ్ముతాండారు, వీళ్ళకేమన్నా మతి పోయిందా! ఆ గడికి పచ్చ రంగేసి, అక్షరాలు పెద్దవి చేసి, "ఇదీ ఫైనాన్స్ అంటే" అన్నా.

సదుం నుంచి బస్సులో వచ్చే లక్ష్మీదేవమ్మ లేచి నిలబడింది. ఆమె టమోటా మండీలో బిల్లులు రాస్తాది.

"సార్, నూట ముప్పై ఎనిమిది పలికే బాక్సును ఎవురన్నా తొంభై తొమ్మిదికి యాల అమ్ముతారు సార్? మండీలో అయితే లోపల సరుకన్నా కుళ్ళుంటాది, లేదంటే బిల్లన్నా తప్పుంటాది."

"ఇది టమోటా కాదమ్మా, బాండు. అడ్డు ప్రశ్నలొద్దు, ఫార్ములా రాసుకో" అన్నా. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు కూడా చెంపలు వాయించుకోవాలనిపిస్తాది. ఆయమ్మ ఫీజు కట్టి మరీ నాకు పాఠం చెప్పింది, నేనే వినలేదు.

అంతటితో ఆగినానా? అక్క కోసం మొదలుపెట్టిన లెక్క సూసి నాకు ఆశ పుట్టింది. బస్టాండు దగ్గర కొత్త రూముకు అడ్వాన్స్ ఇవ్వాలని లక్ష రూపాయలు బ్యాంకులో డిపాజిట్ వేసుకొని ఉండాను. అడ్వాన్స్ ఇచ్చేదానికి ఇంకా మూడు వారాలుండాది. ఈ లోపల కొని, నూట ముప్పై ఎనిమిదికి అమ్మేస్తే సుమారు నలభై వేలు మిగులు! డిపాజిట్ మధ్యలోనే పగలగొట్టి, తొంభై తొమ్మిది వేలు పోసి లక్ష రూపాయల బాండ్లు కొనేసినా. చలపతికి ఫోను చేసి, "నువ్వు కూడా కొనరా, మళ్ళా దొరకవు" అని చెప్పినా.

ఆదివారం షీటును రంగుల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, పుంగనూరు పోయినా. అక్క వాకిట్లో రాగులు చెరుగుతాండాది. కాగితం చేతిలో పెట్టినా.

"ఏందప్పా ఇది, పెండ్లి పత్రికా?"

"నీ లక్షకు దారి అక్కా! నూట ముప్పై ఎనిమిది చేసేది తొంభై తొమ్మిదికే వస్తాంది."

ఆమె కాగితం వైపు సూడనే లేదు. మహిళా సంఘంలో ఇరవై ఏండ్లుగా నోటి లెక్కలు చెప్పేది ఈమే. పుస్తకం మాత్రం వేరేవాళ్ళు రాస్తారు.

"అదంతా ఉండనీ. నూటికి ఎంతిస్తారు?"

"తొమ్మిది."

"నెలకా?"

"నెలకు తొమ్మిది ఎవురిస్తారక్కా! ఏడాదికి."

చేట కింద పెట్టింది. బొటనవేలితో వేళ్ళ కణుపులు ఎంచింది. నాలుగు కణుపులు కూడా దాటలేదు, తలెత్తి నా మొగం సూసింది.

"పన్నెండు నెలలకు తొమ్మిదంటే నెలకు ముప్పావలా గదరా! నేను రూపాయి వడ్డీ అడిగితే ముప్పావలా వడ్డీది తెచ్చినావు. దానికి ఈ రంగులెందుకు?"

 రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు! ఈ లెక్క నాకు తెలీదా? ఆ ఇంట్లోనే పుట్టి, ఆ లెక్కలే వింటా పెరిగినోణ్ణి. కానీ కంప్యూటర్ ముందర కూర్చుంటే చాలు, పెద్ద పట్నం నుంచి దిగినోడి మాదిరి అయిపోతా. రూపాయి అంటే ఒకటి, ఒకటంటే ఒక పర్సెంట్. తేదీ తప్పుకు అంత గోల చేసిన ఎక్సెల్, దీనికి మాత్రం కిక్కురుమనలేదు.

అక్కడే లాప్‌టాప్ తెరిచి, ఒకటి తీసేసి పన్నెండు కొట్టినా. ఎనభై తొమ్మిది రూపాయల పంతొమ్మిది పైసలు. అంటే ఎనభై తొమ్మిది కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకూడని దానికి తొంభై తొమ్మిది పెట్టి కొన్నా!

"నువ్వేమన్నా కొన్నావా ఏంది?" అనడిగింది అక్క. నేను రాగుల వైపు సూస్తాండా. ఆమెకు అర్థమయిపాయె. "అయ్యో నా తండ్రీ" అని, ఇంక ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

చలపతిని అన్నా ఆపుదామని ఫోను చేసినా. "నేను కొనలేదు బావా. నువ్వు అంత గట్టిగా చెప్తాంటే ఎందుకో భయమేసింది" అన్నాడు. వాడికున్న తెలివి నాకుంటే బాగుండు.

బాండ్లు అమ్మకానికి పెట్టినా. రెండు వారాలయినా అడిగినోడు లేడు. రూము ఓనరు మాత్రం దినం తప్పకుండా ఫోను చేస్తాండాడు, అడ్వాన్స్ తెస్తావా, వేరేవాళ్ళకు ఇచ్చేయాల్నా అని. ఏం చేసేది? మళ్ళా పుంగనూరు బస్సెక్కినా.

అక్క బీరువా తెరిచి లక్ష తీసింది. కండ్లలో నీళ్ళు తిరిగినాయి నాకు. దాంతో పాటే ప్రోనోటు, రెవెన్యూ స్టాంపు, పెన్ను కూడా తీసింది.

"అక్కా, తోడబుట్టినోడి దగ్గర కూడా వడ్డీనా!"

"నా మందులకు ఎవురు ఇస్తారప్పా? నువ్వేగా ఫోన్లో చెప్పింది, రూపాయి వడ్డీ నేను తెప్పిస్తాలే అని. సంతకం పెట్టు."

పెట్టినా. బాండ్ల మీద నాకు వచ్చేది ఏడాదికి తొమ్మిది వేలు, నేను అక్కకు కట్టేది పన్నెండు వేలు. ఈ లెక్కకు ఫార్ములా కూడా అక్కర్లేదు.

మొత్తానికి మా అక్క అడిగిన రూపాయి వడ్డీ బాండు ఆమెకు దొరికింది. నెల నెలా ఒకటో తేదీ పొద్దున్నే వెయ్యి రూపాయలు జేబులో పెట్టుకొని, పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చొని పోతాంటాది సూడండి, ఆ బాండు నేనే!