నెల్లిమర్ల పిడికిలి హోటల్లో ఒక బంతి

ఆమదాలవలసలో నాది ఎరువుల దుకాణం. ఎరువులు ఎక్కడైనా దొరుకుతాయి గాని కబుర్లు నా దగ్గరే దొరుకుతాయని రైతులు పొందూరు అవతల నుంచి కూడా వస్తారు. అలాంటి నా దుకాణంలో, నా కుర్చీలోనే కూర్చొని, ఒక రైతు నాకే కబురు చెప్పాడు. నెల్లిమర్లలో ఒక హోటలుందట. అక్కడ బల్లలు లేవు, బిల్లు లేదు, గల్లాపెట్టె లేదు. ఇవ్వగలిగింది ఇచ్చి తినడమే, ఎంత ఇచ్చావని అడిగే మనిషి ఉండడట. నాకు తెలియకుండా ఈ రెండు జిల్లాల్లో ఇంత పెద్ద అబద్ధం ఎవడు పుట్టించాడా అని పౌరుషం వచ్చింది. మర్నాడే దుకాణం మా ఆవిడకు అప్పగించి బయల్దేరాను.

మీరూ వెళ్ళదలిస్తే మా ఊరి స్టేషనులో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషనులో, ఉదయం పాసింజరు పట్టుకోండి. ఎనిమిదిన్నరకు రావలసిన మా బండి తొమ్మిది దాటాక వచ్చింది. టిక్కెట్టుకు అయ్యేది రెండు టీల ఖరీదు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదు. నేను అక్కడే కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒకావిడ తోటకూర కట్టల బుట్టను కాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చుంది.

పొందూరు రాగానే ఆవిడకు మా తాత పంచె సంగతి చెప్పాను. ఈ ఊరి ఖద్దరు ఎంత సన్నమంటే, ఆరేసిన పంచె కనబడక తాత ఊరంతా వెతికాడని, చివరికి చుట్ట వెలిగించుకుందామని అగ్గిపెట్టె తెరిస్తే అందులో మడిచి ఉందని.

ఆవిడ నవ్వలేదు. "మరి అందాకా మీ తాత ఏటి కట్టుకొని ఊరంతా తిరిగేడు బాబూ?" అంది.

అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆవిడ మీద గౌరవం పుట్టి నిజం చెప్పేశాను, ఫలానా హోటలు చూడ్డానికి వెళ్తున్నానని.

"పిడికిలి హోటలా? నానూ అక్కడికే ఎల్తన్నాను. ఈయేల వడ్డన వంతు నాదే" అంది. పేరు వరహాలమ్మ. ఇల్లు ఆ హోటలు వీధిలోనే, తోటకూర కోసం మా వైపు వచ్చి తిరిగి వెళ్తోంది. డబ్బు ఇవ్వగలిగినా ఇవ్వలేకున్నా ఆ వీధి ఆడవాళ్ళు వంతులు వేసుకొని అక్కడ పని చేస్తారట.

చీపురుపల్లి దాటాక ఆవిడ మాటలు తగ్గించి ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏమిటని అడిగాను.

"మా పక్కింటి పైడయ్య మావ ఈయేల బంతికి వస్తానన్నాడు. జూట్ మిల్లులో నేతపని సేసి మానేసిన మనిషి. పెళ్ళాం పోయినకాడ నుంచి పొయ్యి ఎలిగించడు. టీ, బన్ను, అంతే. నాను గిన్నెతో అన్నం అట్టుకెల్తే తలుపు తియ్యడు. దానం తిననే అంటాడు. రెండుమాట్లు హోటలు గుమ్మం దాకా వచ్చి ఎనక్కెల్లిపోనాడు. ఈయేల గాని తినకుండా లేసిపోతే మరి రాడు బాబూ. ఆ టీనీళ్ళతోనే పోతాడు."

పదకొండు గంటలకు నెల్లిమర్లలో దిగాం. స్టేషను నుంచి నడిచే దూరమే, ఆటో వద్దు. బోర్డు కోసం వెతక్కండి, బోర్డు లేదు. రేకుల కప్పు, అరుగు, లోపల పొడుగాటి చాపలు. గుమ్మం పక్కన గోనెగుడ్డ తెర.

వంట చూసేది మార్తమ్మ. బాప్టిస్టు చర్చి ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడికని పక్కన తీసిపెడతారు. ఆ పిడికెళ్ళతోనే ఈ పొయ్యి మొదలైంది. తర్వాత చుట్టుపక్కల వరి పండించే ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పిడికెళ్ళు తీయడం మొదలుపెట్టారు. బోర్డు ఏదని అడిగితే మార్తమ్మ గరిటె ఆపకుండానే చెప్పింది.

"మొదట ఉచిత భోజనం అని బోర్డు ఎట్టేం బాబూ. ఒక్క మనిషి గుమ్మం ఎక్కనేదు. ఒండిన అన్నం ఒండినట్టే ఉండిపోయింది. ఆకలేసినోళ్ళే బోర్డు సూసి ఆ పక్క రోడ్డు మీంచి ఎల్లిపోనారు. ఉచితం అంటే మనోళ్ళకి తిట్టు కాదేటి? బోర్డు పీకి పొయ్యిలో ఎట్టేను. ఆ దినం బాగా మండింది."

అప్పుడు ఇప్పటి పద్ధతి పెట్టారు. చేతులు కడుక్కున్నాక ప్రతివాళ్ళూ పిడికిలి బిగించుకొని గోనె తెర వెనక్కి వెళ్ళాలి. అక్కడ ఒక ఇత్తడి గంగాళం ఉంది. అందులో చెయ్యి పెట్టి, పిడికిలి విప్పి, బయటికి రావాలి. నోటు కావచ్చు, బియ్యం కావచ్చు, నాలుగు చింతపండు రెబ్బలు కావచ్చు, ఏమీ లేకపోవచ్చు. వెళ్ళేటప్పుడు మాత్రం అందరి పిడికిలీ ఒకేలా ఉంటుంది. నేనూ వెళ్ళి పెట్టాను. ఏం పెట్టానో చెప్పను, చెప్పకూడదు.

పన్నెండున్నరకు మొదటి బంతి వేశారు. రిక్షావాళ్ళు, కోర్టు గుమస్తా, కాలేజీ మాస్టారు, తాపీపని ఆడవాళ్ళు, అందరూ ఒకే వరసలో. అడ్డాకులు కుట్టిన విస్తట్లో ముద్దపప్పు, తోటకూర వేపుడు, ఆనపకాయ పులుసు, నువ్వుపొడి. పైడయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పైగుండీ దాకా పెట్టుకున్నాడు. పిడికిలి బిగించుకొని తెర వెనక్కి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, సరిగ్గా నా పక్కనే కూర్చున్నాడు. వరహాలమ్మ ఆయన విస్తట్లో పప్పు వేస్తూ ఊపిరి కూడా తీసుకోలేదు. ఆయన మొదటి ముద్ద కలిపాడు, తిన్నాడు. రెండోది కలిపాడు.

అక్కడితో నేను నోరు మూసుకోవలసింది. కాని అవతలి పక్క కూర్చున్న గుమస్తా, ఏం చేస్తుంటారండీ అని అడిగాడు. పులుసు బాగుంది, నలుగురూ వింటున్నారు, నాలుక ఊరుకోలేదు.

"ఎరువుల వ్యాపారం. ఈ బంతి ఖర్చంతా నాదే. అందరూ కడుపునిండా తినండి" అన్నాను.

పైడయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"అయితే నా పిడికిలి ఏటయ్యింది?" అన్నాడు మెల్లగా. "నాను ఒకడి సొమ్ము తింతన్నానా ఇక్కడ?"

చెయ్యి విదిలించాడు. విస్తరి మడవడానికి అంచు పట్టుకున్నాడు. మన దగ్గర బంతిలో ఒకరు లేస్తే బంతి లేచినట్టే కదా. వరసలో అందరి చేతులూ ఆగిపోయాయి, అందరి విస్తళ్ళలోనూ అన్నం అలాగే ఉంది. వరహాలమ్మ పప్పుగిన్నెతో నిలబడి నా వైపు చూసింది. అలా చూసే కన్నా తిట్టినా బాగుండేది.

"అబద్ధం పెద్దయ్యా. ఉత్తినే అన్నాను" అన్నాను.

"ఏది అబద్ధం? ముందు సెప్పినదా, ఇప్పుడు సెప్పినదా? ముసిలోడు లేసిపోతన్నాడని ఇప్పుడు మాట మారస్తన్నావు."

నిజం చెప్తే నమ్మే మొహం కాదు నాది. అలాంటప్పుడు మిగిలిన దారి ఒక్కటే, నేనెంత అబద్ధాలకోరునో ఆయనకు నిరూపించడం.

"లేవండి గాని, ఈ ఆనపకాయ సంగతి విని లేవండి" అన్నాను. "ఒకసారి మా దుకాణంలో బస్తా చిరిగి ఎరువు పెరట్లో ఆనపపాదు మీద పడింది. తెల్లారేసరికి పాదు గోడ దూకి, రైలుకట్ట ఎక్కి, సిగ్నలు స్తంభానికి అల్లుకుంది. ఆకులు దీపాన్ని కప్పేశాయి. హౌరా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. డ్రైవరు దిగి చూస్తే పట్టాల మీద అడ్డంగా కాయ. మూడు జతల ఎడ్లు కట్టి లాగితే కదల్లేదు. చివరికి కాయకు సొరంగం తొలిచి బండిని అందులోంచి పంపించారు. అప్పటినుంచి ఆ డ్రైవరు ఆనపకాయ పులుసు ముట్టడు."

గుమస్తాకు పొలమారింది. తాపీపని ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పైడయ్య నా మొహంలోకి చూశాడు. విస్తరి అంచు వదల్లేదు, మడవనూ లేదు.

"ఎన్ని పెట్టెల బండి బావూ?" అన్నాడు.

"ఇరవై నాలుగు."

"ఊఁ. మా మిల్లులో నాను నేసిన గోనెసంచి ఒకటుండేది. నీ కాయని బండితో సహా అందులో ఏస్తే, అడుగున గింజలాగ కనపడీది." వరహాలమ్మ వైపు తిరిగాడు. "వరాలూ, ఈడు ఒట్టి కోతలోడే. ఈడు బంతికంతా ఇచ్చీసేనన్నదీ ఆ కాయలాటిదే. ఈడి మాటకి నాను అన్నం మానడవేటి? పులుసు ఎయ్యి."

వరహాలమ్మ పులుసు వేసింది. ఆయన కలిపాడు. వరసంతా చేతులు కదిలాయి. ఆయన మారు అన్నం పెట్టించుకొని, మజ్జిగ పోయించుకొని, నిదానంగా తిన్నాడు. మేమంతా తినడం అయిపోయినా ఆయన ముగించేదాకా ఎండిన చేతులతో కూర్చున్నాం. కాలేజీ మాస్టారికి క్లాసు టైము దాటిపోతోంది, అయినా ఆయనా లేవలేదు. పైడయ్య లేచాక బంతి లేచింది.

ఎవరి విస్తరి వాళ్ళే తీస్తుంటే వరహాలమ్మ నా పక్కకొచ్చి, "మళ్ళీ వస్తే నోరు కట్టుకొని రా అన్నయ్యా" అంది. బండిలో బాబు, బంతయ్యాక అన్నయ్య. నాకు అది చాలు. వెనక పైడయ్య మార్తమ్మతో గొడవ పడుతున్నాడు, రేపు కూరలు తరిగే వంతు తనకెందుకు వెయ్యవని. మగోళ్ళకి వంతు లేదని ఆవిడ, మిల్లులో మగ్గం నడిపిన చేతికి కత్తిపీట లెక్కా అని ఆయన. చివరికి ఆయనే నెగ్గాడు.

మధ్యాహ్నం మూడింటి తర్వాత తిరుగు బండి దొరికింది. ఈసారి ఎడమవైపు కూర్చోండి. ఆకలికి అన్నం పెట్టే చోట్లు నేను చాలా చూశాను. మనిషి పౌరుషానికి కూడా విస్తరి వేసి, అది తిని లేచేదాకా వరసంతా కాచుకొని కూర్చునే చోటు ఇదొక్కటే చూశాను. అది మా వైపు ఉంది. గరివిడిలో ఎక్కిన ఒకాయన, ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఆనపకాయ దగ్గరకొచ్చేసరికి పొందూరు వచ్చేసింది, ఆయన దిగవలసిన ఊరు సిగడాం వెనకే ఉండిపోయింది.