స్కోరు చూడకుండా మాచర్ల దాకా

“ఈ ఆట కూడా ఓడితే నేను మానేస్తానక్కా” అని ప్రభుదాసు ఫోన్లో అన్నప్పుడే ఈ ప్రయాణం ఖాయమైంది. ప్రభుదాసు మాచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు, డిగ్రీలో నాకు జూనియర్. నేను నరసరావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల బలాబలాలను అంకెలతో తేల్చడం. క్రికెట్ అయితే ఊరంతా నిపుణులే, మన మాట ఎవడూ వినడు. ఈ ఆటలో ఒక్కో జట్టు సీజనుకు పదిహేడు మ్యాచ్‌లే ఆడుతుంది, అన్ని జట్లూ ఒకదానితో ఒకటి తలపడవు. అందుకే ఎవరు గొప్పో తెలియాలంటే లెక్క వేయాల్సిందే. గెలిచారా ఓడారా అన్నదాని కంటే, ఎవరి మీద, ఎంత తేడాతో అన్నదే మేం ఎక్కువ చూస్తాం. ఆ లెక్కలో మూడేళ్లుగా పైనున్న జట్టు, అదే మేం మాది అనుకునేది, మూడేళ్లుగా నాకౌట్‌లో మట్టి కరుస్తోంది. మా ఆన్‌లైన్ గ్రూపులో ఎగతాళి మాటలు పడీ పడీ ప్రభుదాసుకు విసుగొచ్చింది. అతను మానేస్తే ఈ గోల మాట్లాడుకోవడానికి నాకు ఇంకో మనిషి లేడు. అదీ నా భయం.

ఈసారి నాకౌట్ మ్యాచ్ మన టైము ప్రకారం సోమవారం పొద్దున. అతనికేమో స్కూలు. సాయంత్రం వాళ్లింట్లో రికార్డింగు కలిసి చూద్దామని, అప్పటిదాకా ఇద్దరం స్కోరు జోలికి పోకూడదని ఒట్టేసుకున్నాం. నేను సెలవు పెట్టి, ఫోన్లో డేటా ఆపేసి, ఏడు గంటలకు నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల బస్సెక్కాను. అక్కడ దిగి మాచర్ల బస్సు పట్టుకోవాలి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. మగవాళ్లు రెండు బస్సులకూ కలిపి రెండు వందలు పెట్టుకుంటే సరిపోతుంది. అప్పటికే అక్కడ ఆట మొదలైపోయింది. ఇక్కడ బస్సు నకరికల్లు దాటుతోంది, అక్కడ ఎవడు బంతి వదిలేశాడో ఏమో. ఫోన్ తీయడం, నల్లటి తెర చూడటం, మళ్లీ సంచిలో పెట్టడం, ఇదే పని.

పక్క సీట్లో మిరపకాయల కోతకు పోతున్న పెద్దావిడ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది. “ఏందమ్మా, ఆసుపత్రిలో ఎవురన్నా ఉన్నారా?”

“కాదు పెద్దమ్మా, మ్యాచ్. అమెరికాలో.”

“మనోళ్లు ఆడుతున్నారా?”

“మనోళ్లు ఎవరూ లేరు.”

“మరి నీకెందుకే అంత ఇది?” అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నేను మళ్లీ ఫోన్ తీశాను.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల దుమ్ము ముక్కులోకి పోయేలోపే మాచర్ల బస్సు దొరికింది. గురజాలలో బస్సు ఆగితే టీ తాగాను. అక్కడే కొంప మునిగింది. టీ కొట్టాయన నా ఐదొందల నోటు చూసి, “చిల్లర లేదమ్మా, స్కాన్ చెయ్యి” అన్నాడు. డేటా ఆన్ చేయక తప్పలేదు. డబ్బులు వెళ్లే లోపల మా గ్రూపు పక్కన ఒక అంకె వెలిగింది. చదవని సందేశాలు అరవై పైచిలుకు! తెరవలేదు, ఒట్టు. కానీ మాలాంటి వాళ్లకు అంకె కనబడితే చాలదా? మామూలు రోజుల్లో ఆ గ్రూపులో పది కూడా రావు. మా అంచనా తప్పినప్పుడే జనం పండగ చేసుకుంటారు. అంటే ఓడిపోయాం. రెంటచింతల వచ్చేసరికి నా మనసులో ఓటమికి నూటికి ఎనభై పాళ్లు ఖాయం చేసేశాను.

పదకొండు దాటాక మాచర్లలో దిగాను. ప్రభుదాసు స్కూలు వదిలేది నాలుగున్నరకు. అప్పటిదాకా బస్టాండులో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, పోయి రావడానికి నాలుగు వందలకు ఆటో మాట్లాడుకుని ఎత్తిపోతల జలపాతానికి వెళ్లాను. మీరు వెళితే తీరిగ్గా చూడండి. పైనుంచి చూస్తే లోయంతా కనబడుతుంది, నీళ్లు ఆ రోజు మరీ ఉధృతంగా లేకపోయినా చల్లగాలి హాయిగా తగిలింది. నేను మాత్రం రెయిలింగు పట్టుకుని, ప్రభుదాసుకు ఏం చెప్పి ఆపాలా అని మాటలు వెతుక్కున్నాను. సంగతి విన్న ఆటో అతను, “ఫోన్ చేతిలో పెట్టుకుని చూడకుండా ఎట్టా ఉంటారండీ? మా వల్ల కాదు” అని నవ్వాడు. మా వల్ల కూడా కావడం లేదని నేనూ నవ్వాను.

సాయంత్రం ప్రభుదాసు చేతికంటిన చాక్‌పీసు పొడి కూడా కడుక్కోకుండా టీవీ పెట్టాడు. ఆటంతా మా జట్టు వెనకబడే ఉంది. నేను ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. ఆఖరి క్షణాల్లో మావాళ్లు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. గెలిచాం! నేను వేసిన కేకకు వాళ్లావిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గురజాలలో నేను కట్టిన లెక్కంతా గంగలో కలిసింది, అయినా అంత ఆనందం ఈమధ్య ఎరగను.

ప్రభుదాసు మాత్రం చిన్నగా నవ్వి టీవీ ఆపేశాడు. “ఇంక చాలక్కా. మానేస్తా.”

“ఏందిరా? ఓడితే కదా మానేస్తానన్నది!”

“ఓడుంటే కోపమొచ్చి రేపే మళ్లీ కూర్చునేవాణ్ణి. మన లెక్క తప్పో ఒప్పో తేలేదాకా వదలబుద్ధి కాలా. ఇయాళ తేలింది. చానా హాయిగా ఉందక్కా.”

“ఒక్క ఆటతో ఏం తేలుతుందిరా? ఇన్నేళ్లూ నువ్వే కదా అనేది!”

“అది ఓడినప్పుడు చెప్పుకునే మాటక్కా” అన్నాడు.

వాడి మీద కోపం రాలేదు. వాడి మొహం అంత తేటగా ఉంటే ఎలా వస్తుంది? కానీ తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. రోజంతా ఓటమికి భయపడ్డాను గానీ, గెలుపు కూడా మనిషిని తీసుకుపోతుందని నా లెక్కలో ఎక్కడా లేదు. ఎత్తిపోతల వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మాచర్లలోనే ఆటోను రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, అక్కడ తిరుగు బండి దొరకడం కష్టం. ఇక నా సంగతంటారా, వచ్చే వారం మా జట్టుకు ఇంకో మ్యాచ్ ఉంది. అంచనా వేశాను. తప్పని చెప్పేవాడు లేక, ఎన్నిసార్లు చూసినా ఒప్పుగానే కనిపిస్తోంది.