ఫ్రీజర్ షీట్‌లో రెండు గంటల గడి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "అప్పుడు టైమెంత? లైటు వేసుందా? మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగి వాళ్ళ సరదా పాడుచేసే రకాన్ని నేను. అందుకే ఆ వివరాలు ముందే చెప్పేస్తున్నాను. ఇది జరిగింది పట్టపగలు. ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. ముందురోజు రాత్రి ఎనిమిది గంటలు శుభ్రంగా నిద్రపోయాను.

2003లో సంగతి. నాటింగ్‌హామ్‌లో బిజినెస్ డిగ్రీ చదువుతున్నాను. మా కోర్సులో మూడో ఏడాది క్లాసులుండవు. ఏదైనా కంపెనీలో ఏడాదిపాటు పనిచేసి, అక్కడ నేర్చుకున్నదంతా నెలనెలా రిపోర్టు రాసివ్వాలి. దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. కంపెనీవాళ్ళు మధ్యలో వద్దు పొమ్మంటే ఆ ఏడాది మళ్ళీ మొదటికొస్తుంది. నలభై చోట్ల అప్లికేషన్లు పెడితే నాకు దొరికింది ఒక్కటే, హేస్ అనే ఊళ్ళో ఎయిర్‌పోర్టు పక్కన, విమానాల్లో వచ్చే సరుకు దించి దాచే గోడౌన్. అది పోతే నాకు ఇంకో దారి లేదు.

నా సీటు పైనున్న ఆఫీసులో. నాకు అప్పగించిన పనుల్లో ఒకటి ఫ్రీజర్ షీట్. గోడౌన్‌కి ఆ చివర చేపలూ రొయ్యలూ ఉంచే పెద్ద ఫ్రీజర్ గది ఉండేది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గంటగంటకీ వెళ్ళి, తలుపు పక్కన కనిపించే టెంపరేచర్ అంకె చూసి, షీట్‌లో రాసి, సంతకం పెట్టాలి. ప్రతి గంట వరస చివరా ఏదైనా విశేషం ఉంటే రాయడానికి ఒక గడి ఉంటుంది.

నాకు ముందు ఏడాది అక్కడ ప్లేస్‌మెంట్ చేసిన అబ్బాయి నాకోసం ఒక ఫైలు వదిలి వెళ్ళాడు. ఆ పనికి ఎవరొచ్చినా తర్వాతవాళ్ళకి అలా రాసిపెట్టి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. అందులో ఈ షీట్ గురించి ఒకే ముక్క ఉంది. సాయంత్రం ఆరింటి దాకా పొద్దున్నే ఒకేసారి రాసేయి, అందరూ అదే చేస్తారు అని.

నేనూ అదే చేశాను. గది వేడెక్కితే అలారం ఎలాగూ మోగుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మైనస్ ఇరవై, మైనస్ ఇరవై, మధ్యలో ఒక పందొమ్మిది. అన్నీ ఇరవైలే ఉంటే అనుమానం రాదూ! తొమ్మిదింటికి మొదలుపెడితే తొమ్మిదీ రెండుకల్లా రోజంతా అయిపోయేది. ఆ నెల యూనివర్సిటీకి పంపిన రిపోర్టులో "రికార్డులు కచ్చితంగా నిర్వహించడం నేర్చుకున్నాను" అని రాశాను. సిగ్గు లేకుండా.

ఇది కనిపెట్టింది సత్యం అంకుల్ ఒక్కరే. ఏలూరులో సైన్సు మాస్టారుగా చేసేవారు. ఆంటీకి ఇక్కడి హాస్పిటల్లో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడతో వచ్చి, కింద గోడౌన్లో చేరారు. ఆ బిల్డింగంతటికీ తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఒకరోజు నా చేతిలో షీట్ చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"అమ్మాయ్ వాణీ, సాయంత్రం ఆరింటికి చలెంతుంటుందో పొద్దున్నే తెలిసిపోయిందా నీకు? జాతకాలు కూడా చెప్తావేంటి?"

నవ్వేశాను. ఆ ఒక్కరోజూ బుద్ధిగా గంటగంటకీ దిగి వెళ్ళాను. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

ఫిబ్రవరిలో ఒక గురువారం మా యూనివర్సిటీ ట్యూటర్ వస్తున్నారు. మధ్యాహ్నం మూడింటికి. ఏడాదికి ఒక్కసారే వస్తారు, మన పని చూసి, మేనేజర్‌తో మాట్లాడి, పాసో కాదో తేలుస్తారు. ఆ ఉదయం షీట్ మరీ ముద్దుగా రాసి డ్రాయర్లో పెట్టాను.

పన్నెండుంపావుకి ట్యూటర్‌కి చూపించాల్సిన ఫైల్లో పెడదామని షీట్ బయటికి తీశాను. రెండు గంటలకి ఎదురుగా, విశేషాలు రాసే గడిలో, తెలుగులో ఉంది.

"తలుపు రావట్లేదు. లోపల అంకుల్."

నాకు ముందు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. అంకుల్ ఏడిపించడానికి రాశారనుకున్నాను. రెండోసారి చూశాకే అక్షరాలు పట్టించుకున్నాను. మాస్టారి రాత గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది. ఇది నా రాత. కొమ్ముని పక్క అక్షరం మీదికి వెళ్ళేదాకా సాగదీసే అలవాటు నాది. రాజమండ్రిలో తొమ్మిదో క్లాసు దాకా దానికోసం తిట్లు తిన్నాను. పద్నాలుగేళ్ళకి ఇంగ్లండ్ వచ్చాక తెలుగులో ఒక్క ముక్క రాసిన గుర్తు లేదు.

కిటికీలోంచి కిందికి చూశాను. అంకుల్ లారీలు నిలిపే చోట కూర్చుని టిఫిన్ బాక్సు విప్పుకుంటున్నారు. నిక్షేపంలా ఉన్నారు.

అది చూసి నా మనసు కుదుటపడింది. నిజం చెప్పాలంటే నాకు అప్పుడున్న బెంగ అంకుల్ గురించి కాదు, ట్యూటర్ గురించి. ఆ షీట్‌లో కొట్టివేతలు పనికిరావు. కొత్త షీట్ తీసి మొదటి నుంచి మళ్ళీ రాశాను. విశేషాల గడులన్నీ ఖాళీగా ఉన్నాయని వేలు పెట్టి మరీ చూసుకున్నాను. పాతది ముక్కలు చేసే మిషన్లో వేశాను. కొత్తది డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలోని ఐడీ కార్డు తాడుకే ఉంది.

రెండుకి పావు తక్కువకి, షీట్ ఫైల్లో పెడదామని డ్రాయర్ తెరిచాను.

అవే మాటలు. అదే గడిలో. అదే పెన్ను.

ఈసారి కూర్చోలేకపోయాను. మెట్లన్నీ దిగి గోడౌన్‌లోకి పరిగెత్తాను. లంచ్ టైమ్, ఎవరూ లేరు. అంకుల్ టిఫిన్ బాక్సు మూత పెట్టి బల్ల మీద ఉంది, పక్కనే ఫ్లాస్కు. "అంకుల్!" అని అరిచాను. సరుకు ఎత్తే బండ్లని చార్జింగ్‌లో పెట్టి ఉంచారు, ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

ఫ్రీజర్ తలుపు హ్యాండిల్ పట్టుకుని లాగాను. హ్యాండిల్ తిరిగింది, తలుపు రాలేదు. మళ్ళీ లాగాను. తలుపుకి చెవి ఆనిస్తే లోపలినుంచి టక్కుమని ఒక్క చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఇంకోటి.

క్యాంటీన్ దాకా ఎలా వెళ్ళానో తెలీదు. నా మేనేజర్ కేరన్, ఇద్దరు లోడర్లు నాతో పరిగెత్తుకొచ్చారు. ఇనుప కడ్డీ పెట్టి ఇద్దరూ బలంగా తోస్తే తలుపు ఊడి వచ్చినంత పనై తెరుచుకుంది. ఎదురుగా గోడ గడియారంలో సరిగ్గా రెండు. అది నేను ఒక్కదాన్నే కాదు, కేరన్ కూడా చూసింది. ప్రమాదాల పుస్తకంలో ఆ టైమ్ రాసింది ఆవిడే.

అంకుల్ తలుపు దగ్గరే కూలబడి ఉన్నారు. పైన పల్చటి జాకెట్టు ఒక్కటే. పెదాలు నల్లబడిపోయాయి. చేతులతో ఇనుప తలుపు బాదీ బాదీ వేళ్ళు తెల్లగా మైనంలా అయిపోయాయి. నన్ను చూశారు గానీ గుర్తుపట్టలేదు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను.

తర్వాత తెలిసింది ఇది. ఒంటిగంటా ఇరవైకి ఒక లారీ డ్రైవర్ వచ్చి, తీసుకెళ్ళడం మర్చిపోయిన ఒక్క డబ్బా కావాలన్నాడు. రెండు నిమిషాల పనే కదా అని అంకుల్ మందపాటి కోటు వేసుకోకుండా అలాగే లోపలికి వెళ్ళి, డబ్బా ఇచ్చి పంపి, మిగతావి సర్దడానికి మళ్ళీ వెళ్ళారు. తలుపు మూసుకుని, అంచుల్లో పేరుకున్న మంచుకి బిగుసుకుపోయింది. లోపలినుంచి తెరిచే గుండీ విరిగి చేతిలోకి వచ్చేసింది. లోపలి అలారం బటన్‌కి అడ్డంగా ఎవరో డబ్బాల దొంతర పెట్టేశారు. నేను మొదటి షీట్ చూసిన పన్నెండుంపావుకి ఆ డ్రైవర్ ఇంకా గోడౌన్‌కి రానేలేదు.

మూడింటికి ట్యూటర్ వచ్చారు. కేరన్ నన్ను కింద ఒక గదిలో కూర్చోబెట్టి, వేడి టీ ఇచ్చి, ఆయన ముందే అడిగింది. "వాణీ, ఆయన లోపలున్నారని నీకెలా తెలిసింది?"

లంచ్ తిన్నారో లేదో కనుక్కుందామని దిగాను అంటే సరిపోయేది. అందరూ మెచ్చుకునేవారు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వేళ్ళు కళ్ళముందు నుంచి కదలడం లేదు. పైకెళ్ళి షీట్ తెచ్చి బల్ల మీద పెట్టి, తెలుగులో ఉన్నది ఇంగ్లీషులో చదివి, అంతా చెప్పాను.

ట్యూటర్ ఆ తెలుగు అక్షరాల వైపు చూడనే లేదు. ఆయన వేలు కింది వరసల మీద ఆగింది. టైమ్ మూడుంపావు. షీట్‌లో నాలుగుకీ, ఐదుకీ, ఆరుకీ అంకెలున్నాయి, నా సంతకాలున్నాయి.

"ఇవి ఎప్పుడు రాశావు?" అన్నారు.

ఆరు వారాలుగా ఇలాగే రాస్తున్నానని ఒప్పుకున్నాను. కేరన్ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఆ తెలుగు ముక్క నువ్వు ఇప్పుడు పైకెళ్ళినప్పుడు రాసుంటావు, బంగారం. షాక్‌లో ఉన్నావు" అంది మెల్లగా.

కాదని అనబోయి ఆగిపోయాను. కాదనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఆ షీటే. మొదటిదాన్ని నా చేతులతోనే ముక్కలు చేశాను.

ప్లేస్‌మెంట్ పోలేదు గానీ రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చి, ఇంకో రెండు నెలలు పొడిగించారు. ఫ్రీజర్ తలుపు మార్చారు. రోజుకి పదిసార్లు దిగి వెళ్ళి అంకె చూసి రాశాను, చలిలో, తిట్టుకోకుండా.

పది రోజులయ్యాక అంకుల్‌ని చూడటానికి వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు చెప్పారట. వేళ్ళన్నిటికీ కట్లున్నాయి. కేరన్ నాకిచ్చిన షీట్ కాపీ చూపించాను. కళ్ళజోడు పెట్టమన్నారు, పెట్టాను. చాలాసేపు చదివారు, ఉన్నవి నాలుగు మాటలే అయినా.

"ఇది ఎన్నింటికి రాశావమ్మా?" అన్నారు.

జాతకాలంటూ ఏడిపించిన గొంతు కాదది. తెలుసుకోవాలని అడిగారు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి, ఆయనకి అడిగే హక్కుంది. నేను రాయలేదు అంకుల్ అందామనుకున్నాను. కానీ అది నా రాత. పన్నెండుంపావుకి చూశాను అందామనుకున్నాను. కానీ ఆరు వారాలు దొంగ టైములు రాసిన చెయ్యి ఇది, ఇప్పుడు ఒక్క టైము నిజమంటే ఆయన ఎందుకు నమ్మాలి? నేనే ఆయన స్థానంలో ఉంటే నమ్మను.

ఇన్నేళ్ళలో నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. మర్చిపోయి రాశానా, కల కన్నానా, తలుపు పాడవుతోందని ఎప్పుడో గమనించి మనసులో పెట్టుకున్నానా. ఏదీ ఆ డ్రైవర్ రాకముందే అంకుల్ లోపలున్నారని చెప్పదు.

"తెలీదంకుల్" అన్నాను.

ఎదురుగా టీ చల్లారిపోతోంది. అంకుల్ కట్ల చేతులతో కప్పు పట్టుకోబోయి, పట్టు దొరక్క నావైపు చూశారు. నేను కప్పు ఎత్తి ఆయన నోటికి అందించాను.