ఉత్తుత్తి గుండీలు

ఆవిడ కుట్టిన ఆ రకం చొక్కాలకి గుండీలు ఉంటాయి గానీ కాజాలు ఉండవు. ముందు పట్టీ మొత్తం లోపలినుంచి కలిపి కుట్టేసి, పైన గుండీలు వరసగా నిలబెడుతుంది. ఒక్కో గుండీ చుట్టూ కాజా ఉన్నట్టే దారంతో అల్లిక. మెడ దగ్గర కాస్త వదులు ఉంచి, ఆ వదులు కనబడకుండా కాలరు వేస్తుంది. తలమీదుగా దూర్చుకుంటే సరి, పని అయిపోయినట్టే. లాగులకి నడుము చుట్టూ ఎలాస్టిక్, ముందువైపు మాత్రం పెద్దమనుషుల లాగుకున్నట్టు హుక్కు పట్టీ. వీధిలో పిల్లలందరికీ బడి యూనిఫాంలు కుట్టిన ఈ దర్జీ అత్తయ్య, ఈ రకం బట్టలు ఇద్దరికే కుట్టింది. చిన్నప్పుడు తమ్ముడికి, పెద్దతనంలో మనవరాలికి.

తమ్ముడికి కుట్టిన మొదటి చొక్కా ఆవిడకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. అప్పుడు ఇంట్లో ఉన్న కుట్టుమిషను వాళ్ళమ్మది. వీధి గదిలో కిటికీ పక్కన ఉండేది. పొద్దున్నే తడి నూలు గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు వచ్చే వాసన, మిషను చప్పుడులో సగం మునిగిపోయిన రేడియో పాట, నేలంతా కత్తిరింపులు. వాటి మధ్యలో తమ్ముడు నిలబడేవాడు. చొక్కా ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి. కింద మిగిలిపోయిన గుండీని పట్టుకుని, అది పట్టే కాజా కోసం గడ్డం కింద వెతుక్కుంటూ ఉండేవాడు.

"బడి గంట నీకోసం ఆగదురా నాయనా!" అని అమ్మ అరిచేది. "వేళ్ళున్నాయా, వేళ్ళ బొమ్మలున్నాయా నీకు?"

అరవడమే గానీ అమ్మ చెడ్డది కాదు. చేతినిండా పని. అక్క ఆ చొక్కాని సెలవు పూట తీసుకుని పట్టీ మొత్తం కుట్టిపారేసింది. అమ్మ దాన్ని తిరగేసి బోర్లేసి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసి దొంగపిల్లా! కాజాలు కుట్టే బాధ లేకుండా చేశావే!" మర్నాడు తమ్ముడు బడి వరసలో అందరు పిల్లల్లాగే తిన్నగా నిలబడ్డాడు. గుమ్మంలోంచి అది చూసిన అక్కకి ఛాతీ నిండిపోయింది. దర్జీపని మీద ఆవిడకి ఇష్టం పుట్టింది ఆ పూటే.

ఇంట్లో వాడి పేరు ధబేలు. నున్నటి గచ్చు మీద, అడ్డమేమీ లేకుండానే పడిపోయేవాడు కాబట్టి ఆ పేరు. తలుపు ఎంత వెడల్పున్నా భుజం దానికి తగిలేది. బంతి విసిరితే చేతులు దగ్గరికొచ్చేసరికి బంతి ముక్కుని పలకరించి వెళ్ళిపోయేది. రాత సంగతి చెప్పనే అక్కర్లేదు. మాస్టారు వాడి పుస్తకాన్ని తరగతి మొత్తానికి ఎత్తి చూపించి, "ఇది కోడి నడిచిందా, మనిషి రాశాడా?" అని అడిగేవాడు. కానీ నోరు తెరిస్తే మాత్రం పాఠం గడగడా అప్పజెప్పేసేవాడు. గొంతు గంటలా ఉండేది. చివరికి ఆ గొంతే అన్నం పెట్టింది. రైల్వేస్టేషన్లో గుమాస్తా పరీక్షకి వెళ్ళి, సిరాబుడ్డి ఆఫీసరు బల్ల మీద బోర్లించి, తడబడకుండా చెప్పిన క్షమాపణ విని ఆ ఆఫీసరే వాణ్ణి మైకు ముందు కూర్చోబెట్టాడని ఇంట్లో చెప్పుకునే కథ. ఊళ్ళో రైలెక్కిన ప్రతివాడూ ఆ గొంతు వింటూనే ఎక్కాడు.

ఆదివారాలు మధ్యాహ్నం అందరూ కుట్టుగదిలో చేరేవారు. పెళ్ళి మాట ఎత్తనివ్వని తమ్ముడు రిటైరయ్యాక రెండు ఇళ్ళ అవతల ఒక గదిలో ఉంటున్నాడు. ఆవిడ కొడుకు బస్సు డ్రైవరు. ఆ ఒక్కరోజే ఇంట్లో కాళ్ళు చాపుకుంటాడు. వాడే మొదలుపెట్టేవాడు. "మామయ్యా, ఆ గుర్రబ్బండి కథ చెప్పు."

"గుర్రం నిలబడే ఉంది, బండి నిలబడే ఉంది, నేనే పడ్డాను. అందులో కథేముందిరా?" అంటూనే మామయ్య లేచి నిలబడి, పడి చూపించేవాడు. చేతిలో గ్లాసు వణికితే స్టేషన్ గొంతు పెట్టి, "ప్రయాణికులకు విజ్ఞప్తి. పాలగ్లాసు మరికొద్ది క్షణాల్లో నేల మీదికి వచ్చుచున్నది!" అనేవాడు. కోడలు కూడా కొంగు అడ్డంపెట్టుకుని నవ్వేది. నవ్వీ నవ్వీ మిషను మీదికి వాలిపోయిన ఆ మధ్యాహ్నాలకన్నా ఆవిడ దగ్గర దాచుకోదగ్గ ఆస్తి లేదు.

అందుకే మనవరాలు పుట్టి, ఆలస్యంగా నడిచి, నడిచినప్పటినుంచీ పడుతూ ఉంటే ఎవరికీ బెంగ కలగలేదు. సంబరపడ్డారు. అచ్చు ధబేలు తాతయ్యే! పిల్లని ఇంట్లో గువ్వ అంటారు. మాటలు మూటలు కట్టి ఇచ్చేది. "నాయనమ్మా, నువ్వు విసుక్కునే ముందు ఒక సంగతి ఆలోచించు" అని మొదలుపెట్టేది. ఆరేళ్ళొచ్చినా మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ కలిపి, గోడ పట్టుకుని దిగేది. చెంచాతో తింటే సగం ఒళ్ళోకి. పెన్సిలు పట్టిందంటే కాగితం చిరగాల్సిందే. కత్తెర ఇస్తే కాగితం కత్తెరకి చుట్టుకునేది గానీ తెగేది కాదు. దర్జీ ఇంట్లో పుట్టి కత్తెర పట్టలేకపోవడమేమిటే అని నవ్వి, నాయనమ్మ తనే కత్తిరించి ఇచ్చేది. బడికి వేసే చొక్కాలు సరేసరి, చేతులు అలవాటుగా పట్టీ కలిపి కుట్టేశాయి.

ఒకరోజు బడి టీచరు తన జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, టేపు భుజం మీద ఉండగానే ఆ మాట ఎత్తింది.

"అత్తయ్యగారూ, గువ్వ బడిలో కథ చెబితే పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. అదే కథ రాయమంటే రెండు ముక్కలు రాసి చెయ్యి నొప్పంటుంది. ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేదు. మొన్న ఆటల పూట కొత్త కోట్లిచ్చాం, గుండీలవి. అందరూ వేసుకుని మైదానంలోకి పోయారు. పీరియడ్ అయ్యాక చూస్తే ఇది బాత్రూంలో నిలబడి ఉంది, కోటు చేత్తో పట్టుకుని. ఏడవలేదు. 'వస్తున్నా టీచర్, ఇంకొక్క గుండీయే' అంది. ఒక్కటి కూడా పెట్టుకోలేదు."

లోపలినుంచి కోడలు బయటికొచ్చింది. "అదేంటండీ? ఇంట్లో తన బట్టలు తనే వేసుకుంటుంది!"

అత్తయ్య చేతిలో టేపు కొలత మధ్యలో ఆగిపోయింది.

"ఒకసారి చూపించండి," అంది టీచరు. "కాళ్ళూ చేతులూ ఇలా చెప్పినట్టు వినకపోవడాన్ని డిస్‌ప్రాక్సియా అంటారు. అవునో కాదో చెప్పడానికి నేను చాలను. చేతుల పని, ఒంటి కదలిక పరీక్ష చేసి చెప్పేవాళ్ళు పెద్దాసుపత్రిలో ఉన్నారు. పిల్ల తెలివికేం లోటు లేదు, మీకు తెలుసు. పై తరగతికి వెళితే అంతా రాతే. అప్పటి టీచరు దీన్ని బద్ధకం అంటే, పిల్ల కూడా అదే నమ్ముతుంది."

బద్ధకం, అశ్రద్ధ, పొగరు. పెద్దవాళ్ళ నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాటలివి. పిల్లకి బోర్డు కనబడకపోతే కళ్ళద్దాలు తెస్తాం. చెయ్యి చెప్పినట్టు వినకపోతే మాత్రం బెత్తం తెస్తాం. ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు, వెనక బెంచీలో, ఊడిన బూటు తాడుతో. చూసే కన్ను ఉన్న టీచరు దొరకడం అదృష్టం మీద వదిలేశాం. దొరికినా, పరీక్ష చేసే మనిషి ఆ పెద్దాసుపత్రి మొత్తానికి ఒక్కతే. డబ్బున్నవాళ్ళు ప్రైవేటు క్లినిక్కులకి పోతారు. లేనివాళ్ళు నెలల తరబడి వరసలో ఉంటారు. ఆ నెలల్లో ఎదిగిపోయేది పిల్ల.

కోడలు వెళ్ళి వరసలో చేరి తేదీ తెచ్చింది. ఆ ఆదివారం కొడుకు అడ్డం తిరిగాడు.

"దానికి ముద్ర వేయించుకుని వస్తారా? రేపు బడి మారాలంటే ప్రతివాడూ ఆ కాగితం అడుగుతాడు. ఏమైందిప్పుడు? పడుతుంది, లేస్తుంది. ధబేలు మామయ్య పడలేదా? బాగానే బతికాడుగా!"

తేదీ ఎల్లుండికే. తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో. కోడలు అత్తయ్య వంక చూసింది. అత్తయ్య తమ్ముడి వంక చూసింది.

తమ్ముడు కత్తిరింపులు ఏరుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "బాగానే బతికానని నీకెవడు చెప్పాడ్రా?"

ఏదో తమాషా వస్తుందని కొడుకు పెదవులు ముందే విచ్చుకున్నాయి.

"గుమాస్తా పరీక్షకి ముందు ఇంకోటుంది, అది ఉన్నదున్నట్టు మీకెవరికీ చెప్పలా. టీచరు ట్రైనింగుకి వెళ్ళా. పిల్లలకి పాఠం చెప్పాలని నా కోరిక. మొదటిరోజు బోర్డు మీద రాయమన్నారు. రాశా. తరగతంతా నవ్వింది, సారు కూడా. నేను మధ్యాహ్నమే వచ్చేశా. ఇంటికొచ్చి, మెట్టు మీంచి పడ్డాను, అందుకే మానేశానని చెప్పా. మీ అమ్మ, మా అమ్మ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. అప్పుడు తెలిసింది, నవ్వించేస్తే ఇంకెవరూ తిట్టరని. అంతే, ఇక ప్రతిసారీ వాళ్ళకన్నా ముందు నేనే నవ్వించేవాణ్ణి."

"అది నాకు ఎందుకు చెప్పలేదురా?" అంది అక్క.

"నువ్వు చొక్కా కుట్టిపెట్టేదానివి కదే. ఇంకా ఏం అడుగుతాను?"

వాడు ఎత్తిపొడవలేదు. ప్రేమగానే అన్నాడు. అయినా ఆవిడకి గది ఒక్కసారి ఇరుకైపోయింది. తన పాత మధ్యాహ్నాలన్నీ అలాగే ఉన్నాయి, వెలుగు కూడా తగ్గలేదు. వాటి మధ్యలో నవ్వు మొహంతో నిలబడ్డ పిల్లవాడు మాత్రం ఇప్పుడే కనబడ్డాడు.

"గువ్వ గురించి ఇప్పటికే రెండు మూడు కథలు చెప్పుకుంటున్నాంరా," అన్నాడు తమ్ముడు మేనల్లుడితో. "ఇంకా పోగవకముందే తీసుకెళ్ళు."

కొడుకు ఆ తేదీకి సెలవు పెట్టాడు.

పెద్దాసుపత్రిలో ఆ గది వసారా చివర ఉంది. నేల మీద నీలం పరుపు, బల్ల మీద పూసలు, బంతి, పిల్లల కత్తెర. థెరపిస్టు పడుచుమనిషి, మెడలో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. చూపు పరీక్ష, నరాల డాక్టరు చూడడం ఆ ఉదయమే అయిపోయాయి. గువ్వ చెప్పులు విప్పి పరుపెక్కింది. గెంతమంటే కింద పడి, "నేల దగ్గరగా ఉంది" అని వివరించింది. థెరపిస్టు నవ్వింది గానీ, నవ్వుతూనే రాసుకుంది. తర్వాత కోడల్ని అడిగింది, "చొక్కా తనే వేసుకుంటుందా?"

"ఆ, తనే. చక్కగా వేసుకుంటుంది."

థెరపిస్టు పాప చొక్కా గుండీల వంక ఒకసారి చూసి తలూపి, తర్వాతి ప్రశ్నకి పోబోయింది. బయటివాళ్ళెవరూ ఇంతవరకూ పసిగట్టని పనితనం అది. దర్జీ అత్తయ్య కుర్చీ అంచుకి జరిగింది.

"మేడమ్," అంది. "అవి ఉత్తుత్తివి. తెరుచుకోవు."

కొడుకు, కోడలు ఇద్దరూ తిరిగి చూశారు. కొడుక్కి నిజంగానే తెలియదు. కోడలు ఆ చొక్కాలు ఎన్నిసార్లు ఉతికిందో, వదులుగా ఉంటాయని మాత్రమే అనుకుంది. ఆవిడ లేచి పట్టీ తిరగేసి చూపించింది. కలిపి కుట్టిన చోటు, కాలరు కింద వదులు. తమ్ముడి సంగతి కూడా చెప్పింది. థెరపిస్టు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కుట్టుని చాలాసేపు చూసింది.

"ఇలాంటి ఇళ్ళు చాలా చూస్తానమ్మా. పిల్లకి ఏది రాదో అమ్మమ్మలు, నాయనమ్మలు అందరికన్నా ముందు కనిపెడతారు. కనిపెట్టి సాయం చేసేస్తారు. ఇక మాకు కనబడదు." తన తెల్లకోటు విప్పి గువ్వకి తొడిగింది. "ఒక్క గుండీ పెట్టి చూపిస్తావా తల్లీ?"

గువ్వ గుండీ పట్టుకుంది. నాలుక బయటికొచ్చింది. గుండీ కాజా అంచుదాకా వెళ్ళి పక్కకి జారింది, మళ్ళీ జారింది. నాయనమ్మ వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. జీవితంలో ఆ చేతుల్ని అంత కష్టపెట్టింది లేదు.

"చాలు బంగారం," అంది థెరపిస్టు చివరికి. టీచరు అనుకున్నదే నిజమని, ఇది జబ్బు కాదని, మెదడు చెప్పే మాట చేతులకి అందే దారి వేరుగా ఉందని చెప్పింది. మాయమైపోయేది కాదు. పనుల్ని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పితే, బడిలో రాతకి ఎక్కువ టైమిస్తే, పిల్ల తన దారి తను వేసుకుంటుంది. "ఆ చొక్కాలు పారెయ్యకండమ్మా. బడికి తొందరగా వెళ్ళే పూట వెయ్యండి. తొందర లేనప్పుడు పెద్ద గుండీలతో ఇంకోటి కుట్టి, నేర్పండి."

అప్పుడు అడిగింది కొడుకే. "ఎప్పుడు మొదలుపెట్టాలి మేడమ్?"

వచ్చే వారమే అంది.

బయట వసారాలో గువ్వ నేల మీద కూర్చుంది, చెప్పు బకిలు పెట్టుకోవడానికి. పక్కనుంచి స్ట్రెచర్లు, ఫైళ్ళు, టీ గ్లాసుల పళ్ళెం పోతున్నాయి. ఎవరో "దారి, దారి!" అన్నారు. కోడలు వంగబోయింది.

"నేనే," అంది గువ్వ.

బకిలు పట్టీ లోపలికి పోయి బయటికొచ్చింది. కిటికీలోంచి వాళ్ళు ఎక్కాల్సిన బస్సు స్టాపు దగ్గర ఆగడం కనిపించింది. నాయనమ్మ కొడుకు మొహంలోకి చూసింది. బస్సు డ్రైవరు, ఆలస్యం అంటే మండిపడే మనిషి. వాడు గోడకి ఆనుకుని, జనం పిల్లని తొక్కకుండా కాళ్ళు అడ్డంపెట్టి నిలబడ్డాడు.

"పోనీయమ్మా," అన్నాడు. "ఇంకోటి వస్తుంది."