తాతయ్య పేరు లేని జెట్టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం కన్నా సముద్రం మాటే ఎక్కువ చెల్లేది. పోటు ఎప్పుడొస్తుందో, పాటు వేళ నీళ్ళు ఎప్పుడు వెనక్కి పోతాయో మా తాతయ్యకు లెక్క తప్పేది కాదు. దీవిలో వండూరు రేవుకు అవతల ఉన్న మా ఊరికి రోడ్డు లేదు, రాకపోకలన్నీ డుంగీలోనే. పాటు వేళ ఆ పడవ ఒడ్డుకు రాలేక బురదలో ఆగిపోయేది. దిగి, మోకాళ్ళ దాకా కూరుకుపోతూ నడవాలి. మా నానమ్మ అలా నడుస్తూనే పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కర్ర పట్టుకుని ఒడ్డు దాకా వచ్చి నిలబడేదే గానీ, డుంగీ ఎక్కలేదు.

తాతయ్య చేపలు పట్టిన మనిషి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన వాళ్ళ నాన్నతో వేటకు వెళ్ళి, తర్వాత చేపల బజారులో అమ్ముకునేవాళ్ళ తరఫున మాట్లాడి, పంచాయతీకి గెలిచి, చివరికి దీవుల కౌన్సిల్లో తన పార్టీ సభ్యులందరికీ నాయకుడయ్యాడు. మా దీవులకు శాసనసభ లేదు, ఉన్నదల్లా ఆ కౌన్సిలే. అక్కడ ఆయన ఒక మాటంటే సభ్యులంతా చెయ్యెత్తాలి. అంతటివాడు ఇంట్లో అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేస్తుంటే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఒక ఏడు, పాటు వేళ కూడా పడవ ఆగేలా నీళ్ళలోకి కట్టాల్సిన మా ఊరి జెట్టీ పని ఆపేద్దామని ఆయన పార్టీవాళ్ళే పట్టుబట్టారు. పట్టుమని పాతిక ఇళ్ళు లేని ఊరికి జెట్టీ ఎందుకన్నారు. నాయకుడిగా ఆయన ఆజ్ఞాపించొచ్చు, కానీ ఆ పని చేయలేదు. ఓటింగుకు ముందు రోజు వాళ్ళందరినీ మా ఇంటికి చేపల పులుసు భోజనానికి పిలిచాడు. వండూరు నుంచి వాళ్ళతోపాటు నేనూ డుంగీలో ఉన్నాను.

ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే డుంగీ ఆగిపోయింది.

"క్యా హువా భయ్యా?" అన్నాడొక సభ్యుడు కంగారుగా.

"ఏటీ నేదు భయ్యా, పాటు. నీల్లు రావాలంటే సాయంత్రం దాకా కూకోవాల. నేదంటే దిగి నడవాల," అని తాతయ్య తెల్ల పంచె ఎగ్గట్టి, ముందు తనే బురదలోకి దిగాడు.

వెనక ఒక్కొక్కరే దిగారు. చెప్పులు బురద పాలయ్యాయి. ఒకాయన నడుం దాకా కూరుకుపోతే ఇద్దరు పట్టి లాగారు. నాకు నవ్వాగలేదు. ఒడ్డున కర్ర పట్టుకుని నిలబడ్డ నానమ్మను చూశాక మాత్రం నా నవ్వు ఆగిపోయింది. తాతయ్య కావాలనే పాటు వేళ చూసి బయల్దేరదీశాడని అప్పుడు అర్థమైంది. వాళ్ళకూ అర్థమైంది.

మర్నాడు అందరూ జెట్టీకే చెయ్యెత్తారు. కానీ తమను బురదలో దింపినవాణ్ణి క్షమించలేదు. నెల తిరక్కుండానే వేరొకాయన్ను నాయకుణ్ణి చేసుకున్నారు. పదవి పోతుందని తాతయ్యకు ముందే తెలుసని తర్వాత నానమ్మ చెప్పింది.

జెట్టీ తెరిచిన రోజు రాతి పలక మీద కొత్త నాయకుడి పేరే ఉంది. ఎంత వెతికినా తాతయ్య పేరు కనబడక వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి వండూరు వెళ్ళొచ్చి, డుంగీలోంచి జెట్టీ మీదికి దిగుతున్న నానమ్మను చూపించాడు. అదీ పాటు వేళే.

"పేరు సూడకే అమ్మీ. మీ నానమ్మ కాళ్ళు సూడు. బురదున్నాదా?"

లేదు. పొద్దున రాసుకున్న పసుపు అలాగే ఉంది.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఎన్నికలొస్తే నాయకులు మా గుమ్మంలోకి వచ్చి, తాము చేసినవన్నీ చెబుతారు. నేను తలూపుతూనే, వాళ్ళ వెనక నిలబడ్డ ఊరి ఆడవాళ్ళ కాళ్ళు చూస్తాను.