పరదా తీసిన వార్త

మా హుజూర్‌నగర్ వైపు ఇప్పుడు ఊరికో విలేకరి కాదు, వాడకో విలేకరి. నా చిన్నతనంలో విలేకరి అంటే వార్తల కవరు తెచ్చి బస్సు డ్రైవర్ చేతిలో పెట్టి, అది పట్నం చేరేదాకా దిగులుపడే మనిషి. ఇప్పుడు ఒక ఫోను, దానికో మైకు గొట్టం, ఆ గొట్టానికి చానల్ పేరు రాసిన అట్టముక్క ఉంటే చాలు. చానల్ ఆఫీసు ఎక్కడని అడగకూడదు. అదీ ఆయన జేబులోనే ఉంటుంది. ‘బ్రేకింగ్’ అని ఎర్ర పట్టీ ముందు ఎవరు వేస్తారన్నదే వాళ్ల మధ్య పోటీ. నిజం తర్వాత తీరుబడిగా వస్తుంది, దానికేం తొందర?

ఆ యాసంగి వడ్లతో మా అమ్మ కొనుగోలు కేంద్రంలోనే కాపురం పెట్టింది. బాపు పోయినప్పటి నుంచి వ్యవసాయమంతా ఆమెదే. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని, సెలవులని ఆమెకు సద్ది మోయడానికి వచ్చాను. పొద్దున వడ్లు ఆరబోయడం, ఎండలో కాళ్లతో తిరగేయడం, మబ్బు పడితే కుప్ప చేసి టార్పాలిన్ పరదా కప్పి చుట్టూ రాళ్లు పెట్టడం, ఇదే ఆమె పని. తేమ చూసే మిషన్ అంతకుముందు ఆమెను వెనక్కి పంపింది. ఎట్టకేలకు ఆ రోజు పొద్దున వడ్లు సరిగ్గా ఎండాయన్నారు. తెల్లారి కాంటా వేసి తూస్తామన్నారు. అమ్మ ముఖంలో పెళ్లి కుదిరినంత సంబరం.

మధ్యాహ్నం సన్నటి జల్లు పడి ఆగింది. చెడగొట్టు వానల కాలం. ఆ జల్లుకే ముగ్గురు ఫోన్ విలేకరులు మోటారు సైకిళ్ల మీద దిగారు. వాళ్లకు తడిసిన వడ్లు కావాలి. కేంద్రమంతా తిరిగారు. ఏ కుప్ప చూసినా పరదా కింద భద్రంగా ఉంది. వాళ్ల నిరాశ చూసి నాకే జాలేసింది.

నల్లకళ్లద్దాలు నెత్తికెక్కించుకున్న ఒకతను అమ్మ దగ్గరికి వచ్చాడు.

“అవ్వా, జర పరదా తియ్యి. ఒక్క నిమిషం.”

“ఎందుకు బిడ్డా? వడ్లు మంచిగనే ఉన్నయ్. తెల్లారి కాంటా.”

“మంచిగున్న వడ్లు ఎవలు సూస్తరు? గీ వీడియో పెద్ద సార్ల దాక పోతది. నీ గోస అందరికీ ఎరుకైతది.”

“నాకేం గోస లేదు బిడ్డా.”

“ఉన్నదనుకో.”

మబ్బు కమ్ముతోంది, ముట్టుకోవద్దని నేను అడ్డం పోయాను. “మేడమ్, ఫ్రేములకొస్తున్నరు, జర జరగున్రి” అన్నాడు. అమ్మ అతన్ని వదిలి నన్నే కసిరింది. “పోనియ్యవే, పాపం వానల వడి తిరుగుతున్రు. ఒక్క నిమిషమేనాయె.” ఎవరైనా మంచినీళ్లు అడిగితే లేదనలేని మనిషి మా అమ్మ. ఆ రోజు వాళ్లు అడిగింది పరదా.

ముగ్గురూ కలిసి రాళ్లు తీశారు, పరదా లాగేశారు. మొదటి అతను వీడియో తీశాడు. రెండో అతను వెలుతురు చాలలేదని మళ్లీ తీశాడు. మూడో అతని ఫోన్‌లో జాగా అయిపోయింది. అతను కుప్ప పక్కనే కూర్చుని పాత వీడియోలు ఒక్కొక్కటే చూసి, నవ్వుకుని మరీ చెరిపేస్తున్నాడు. అంతలో వాన విరుచుకుపడింది.

నేను, అమ్మ పరదా అందుకునేలోపే విలేకరులు అందుకున్నారు. వడ్ల మీద కప్పడానికి కాదు, నెత్తి మీద కప్పుకోవడానికి.

“పరదా ఇడువున్రి నాయినా!” అని అమ్మ ఒక కొస పట్టి గుంజుతోంది.

“ఫోన్లు తడుస్తయవ్వా!” అని వాళ్లు రెండో కొస గుంజుతున్నారు.

పరదా మా చేతికి వచ్చేసరికి కుప్ప కింద నుంచి నీళ్లు పారుతున్నాయి. అమ్మ ఆ నీళ్లలో కూలబడి, కొట్టుకుపోతున్న వడ్లను దోసిళ్లతో ఎత్తుతూ ఏడ్చింది. నల్లకళ్లద్దాలతను రేకుల షెడ్డు కింద నిలబడి “లైవ్, లైవ్” అని అరుస్తున్నాడు. వాణ్ని అక్కడే కొట్టాలనిపించింది. కొట్టి ఉంటే అదీ బ్రేకింగే అయ్యేది.

పొద్దు గూకకముందే ఆత్మకూర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. “అక్క ఏడుపు మస్తు తిరుగుతాందే. మా వాడకట్టోళ్లంతా స్టేటస్ పెట్టుకున్రు” అంది. ఆ గొంతులో బాధ ఉంది. కాస్త గర్వం కూడా ఉందని నా అనుమానం.

మర్నాడు జీపులో ఒక అధికారి వచ్చాడు. తడిసిన వడ్లు గుప్పెడు పట్టుకుని ఫోటో దిగి, ఆఖరి గింజ దాకా కొంటామన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆరాకే కాంటా వేయమని కేంద్రం వాళ్లకు మెల్లగా చెప్పాడు. కాంటా మా కుప్పను దాటి పక్క కుప్ప దగ్గరికి పోయింది. ఫోన్లలో మాత్రం ‘మా కథనానికి స్పందన’ అని ఎర్ర పట్టీ వచ్చింది.

ఆ స్పందన చూపించడానికి నల్లకళ్లద్దాలతను మళ్లీ వచ్చాడు. అమ్మ ఎండలో వడ్లు తిరగేస్తోంది. తన వార్త వల్ల న్యాయం జరిగిందని ఒక్క ముక్క చెప్పమని బతిమాలాడు. అమ్మ తలెత్తలేదు. చివరికి అతనే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి వడ్లలోకి దిగాడు. ఫోన్ నా చేతికివ్వబోతే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇంకెవరితోనో తీయించుకున్నాడు. వీడియో ఆగగానే బూట్లు తొడుక్కున్నాడు. ‘రైతుకు అండగా విలేకరి’ అని అదీ ఊళ్లన్నీ తిరిగింది.

కాంటా అయ్యేసరికి కుప్ప అడుగున మొలకలొచ్చాయి. ఆ మేరకు తరుగు తీశారు. ఖాళీ పరదా మడిచి చంకన పెట్టుకుని ఇంటికొచ్చిన అమ్మ, కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుంది. ఆమెది బటన్ల ఫోను. అప్పటిదాకా ఆ వీడియో చూడనేలేదు.

“ఏదే, సూపియ్యి” అంది.

పెట్టాను. తెరిచి ఉన్న కుప్ప, వాన, నీళ్లు, ఏడుస్తున్న తన ముఖం. రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. పెట్టాను.

“పరదా తీసింది ఏడుందే ఇందుల?” అంది.