గోడెక్కని చిలకలు

కర్నూలు వన్‌టౌన్‌లో మేము అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆపాది. ముస్లింల ఇళ్లలో అక్కని అలా పిలుస్తారు కాబట్టి నేనూ ఆపా అనే పిలిచేదాన్ని. వాళ్లది తరాలుగా పరుపులూ దిండ్లూ కుట్టే ఇల్లు. ఆమె కొంగుకి ఎప్పుడూ నాలుగు దూది పోగులు అంటుకుని ఉండేవి. కడప నుంచి కొత్తగా వచ్చి, ఈ ఊళ్లో ఎవరూ తెలియక బిక్కమొహం వేసుకున్న నన్ను దగ్గరికి తీసింది ఆమే.

వాళ్ల గోడల మీద ఒక్క గడియారం తప్ప ఏమీ ఉండేది కాదు. మా ఓనరు గోడకు మేకు కొడితే తన ఒంట్లో దిగినట్టు అరిచేవాడు. పాపం, ఆయనకి భయపడే ఆపా ఒక్క పటమైనా పెట్టుకోలేదని నేను నిర్ణయించేసుకున్నాను. ఆ సంగతి ఆమెను ఒక్కసారైనా అడగలేదు.

అందుకే వాళ్లు కల్లూరు వైపు సొంతిల్లు కట్టుకుంటున్నారని తెలియగానే నాకు ఒకటే ఆలోచన. ఆపాకి సొంత గోడ వచ్చింది, దాని మీదకి నా చేతి పని వెళ్లాలి. నాకు వచ్చిన విద్య క్రాస్ స్టిచ్ ఒక్కటే. గళ్లు గళ్లుగా నేసిన మ్యాటీ గుడ్డ మీద దారంతో చిన్న చిన్న ఇంటూ గుర్తులు కుట్టుకుంటూ పోతే బొమ్మ తేలుతుంది. జామకొమ్మ మీద చిలకల జంట మొదలుపెట్టాను. రెక్కల్లోనే నాలుగు రకాల పచ్చలు. కళ్లు లాగేవి, మెడ పట్టేసేది, అయినా వదల్లేదు.

కుట్టడం అయ్యాక అసలు తలనొప్పి మొదలైంది. దీన్ని ఎలా ముగించాలి? కుట్టిన గుండ్రటి చట్రంలోనే ఉంచి తగిలించమని ఫోన్లో వీడియోలు. పొడవాటి కర్రకి వేలాడదీయమని ఇంకో వీడియో. "టీవీ మీద కప్పమను, దుమ్ము పడదు" అని మా ఆయన. చివరికి ఫ్రేములు కట్టే అంగడికి తీసుకుపోతే, అద్దం వద్దన్నందుకు అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అద్దం లేకుంటే మన ఊరి దుమ్ముకి నెల తిరక్కుండానే నీ చిలకలు కాకులైతాయమ్మా."

అద్దం వేయించాను.

కొత్తింట్లో చేరినరోజు దావతుకి పిలిచారు. ఆపా పటాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. "శానా బాగుండాది మ్మే" అంది. ఆమె కళ్లు తడిశాయి కూడా. తర్వాత దాన్ని జాగ్రత్తగా పేపర్లో చుట్టి లోపలి బీరువాలో పెట్టింది. జనం ఎక్కువ ఉన్నారు కదా, తర్వాత తగిలిస్తుందిలే అనుకున్నాను.

మళ్లీ వెళ్తే గోడ ఖాళీ. ఇంకోసారి వెళ్లినా ఖాళీయే. నచ్చలేదా? నచ్చకపోతే కళ్లనీళ్లు ఎందుకు? రంగులు కుదరలేదా, ఇంట్లో ఎవరైనా వద్దన్నారా? ఉండబట్టలేక, "మేకు కొట్టేవాళ్లు లేకుంటే మా ఆయన్ని పంపిస్తా ఆపా" అన్నాను. ఆమె నవ్వి, "ముందు టీ తాగు, చల్లారిపోతాండాది" అంది. ఆ నవ్వుకి అర్థమేమిటో ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆలోచించినా అంతుపట్టలేదు. మనసు చివుక్కుమంది. ఈ ఊళ్లో నాకున్న ఒక్క అక్క నన్ను దూరం పెడుతోందా అని భయం కూడా వేసింది. కొన్నాళ్లు అటు పోవడమే మానుకున్నాను.

రంజాన్ పండగకి ఆమే ఫోన్ చేసి రమ్మంది. వెళ్లి చేతులు కడుక్కుందామని చూద్దును కదా, కుళాయి పైన నా ఫ్రేము! లోపల చిలకలు లేవు. మొహం చూసుకునే అద్దం బిగించి ఉంది. అందులో నా మొహమే నాకు కోపంగా కనిపించింది.

"నా చిలకలు యాడ ఆపా?"

ఆమె లోపలికెళ్లి ఒక దిండు తెచ్చింది. చుట్టూ ఆకుపచ్చ మఖమల్ అంచు, నడుమ నా చిలకల జంట, లోపల మెత్తటి బూరుగు దూది. దాన్ని చాప మీద వేసి, "కూచో" అంది.

నేను కూర్చోలేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కళ్లు పోయేలా కుట్టుకున్న దాని మీద కూర్చోవడమా?

"ఏమ్మే, అట్ల చూస్తాండావు? ప్రాణమున్న వాటి బొమ్మ గోడకుంటే మేము ఆ గదిలో నమాజు చేసుకోము. కూచునేదాని మీదైతే ఏం కాదని మా అత్త చెప్తాండె."

"ముందే చెప్తే గండికోట కొండలు కుట్టిచ్చేదాన్ని కదా!"

"చెప్తే నువ్వు దీన్ని వాపసు తీసుకొని పోతావు. నాకు చిలకలే కావల్ల. బీరువాలో పెట్టుకుంటే చూసేదెప్పుడు? మా చేతికి వచ్చింది ఈ పనే గదా."

చిలకలకి తగలకుండా అంచు మీద ఒరిగి కూర్చున్నాను. ఆపా భుజం పట్టి నడిమికి జరిపింది. "సరిగ్గా కూచో. నలగని దిండు ఏం దిండు?"

గోడెక్కిస్తే నాకు గౌరవం, ఆమెకి ఇబ్బంది. కూర్చుంటే ఆమెకి ముద్దు, నాకు గుండెల్లో కలుక్కుమనడం. ఇద్దరిలో ఎవరం ఎవరిని బాధపెట్టామో, అసలు బాధపెట్టామో లేదో కూడా తేల్చుకోలేకపోయాను. పాలల్లో సేమ్యాలు వేసి చేసిన షీర్ ఖుర్మా గిన్నె ఇస్తే ఆ దిండు మీదే కూర్చుని తిన్నాను.

మా ఇంట్లో నేను కుట్టిన పటాలు అద్దాల వెనక అలాగే ఉన్నాయి. రంగు పోలేదు, ఎవరూ ముట్టుకోలేదు, వాటి కోసం ఎవరూ నన్ను పిలవనూ లేదు.

నిన్న పొద్దున ఆపా ఫోన్. "ఆడ చిలక ముక్కు అరిగిపోయిందే. వెనక కుట్లు ఇప్పి దూది ఏకి పెట్టినా. నువ్వు ఎర్రదారం తీసుకొని రా."

కుట్లు అరిగిపోయేంతగా కూర్చున్నారని ఏడవాలో, నవ్వాలో తెలియలేదు. చెప్పులేసుకుంటూ ఒకటే అడిగాను: "అది ఆడచిలకని నీకెవరు చెప్పారు ఆపా?"

"ఒకటి నువ్వు, ఒకటి నేను గదా మ్మే. రెండూ ఆడవే. ఇప్పుడు అరిగింది నీ ముక్కే, బిరీన రా."